కొత్త ఫ్యాక్టరీ ట్రిగ్గర్ వేయించాను, పిస్టల్ బాగుపడిందో లేదో తేల్చుకోవడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీరుండేది టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో. రెండేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక కాంపాక్ట్ 9 ఎంఎం పిస్టల్ కొన్నారు. ఈమధ్య అదే కంపెనీ ఆ మోడల్‌కు సరిపోయే కొత్త ట్రిగ్గర్ కిట్ తెచ్చింది. షాపులో వేయించారు, పనికూలితో కలిపి 140 డాలర్లయింది. షాపతను గేజ్ పెట్టి చూపిస్తే, ట్రిగ్గర్ లాగడానికి కావలసిన బలం (దాన్నే ట్రిగ్గర్ బరువు అంటాం) 5.5 పౌన్ల నుంచి 4.5కు దిగింది. వేలికి బ్రహ్మాండంగా తగులుతోంది. కానీ 7 గజాల్లో మీ గుళ్ళు మునుపటిలాగే నడిమధ్యకు ఎడమవైపు, కింద, దాదాపు 10 సెంటీమీటర్ల దూరంలో పడుతున్నాయి. "అన్నా, ఇది నిజంగా బాగుపడినట్టా, నాకలా అనిపిస్తోందా? ఇంట్లో రక్షణకు దీన్నే పెట్టుకోవచ్చా?" అని అడిగారు.

నా జవాబు ముందే చెప్పేస్తాను. ట్రిగ్గర్ బాగుపడే ఉంటుంది. కానీ మీ గుళ్ళు ఎడమకు, కిందకు పోవడానికి కారణం ట్రిగ్గర్ కాదు, కాబట్టి ఆ టార్గెట్ కాగితం చూసి ట్రిగ్గర్ మంచిదనో చెడ్డదనో తీర్పు చెప్పలేం. రక్షణకు పెట్టుకోవచ్చా అన్నది పూర్తిగా వేరే ప్రశ్న, దానికి వేరే పరీక్షలున్నాయి.

నేను పన్నెండేళ్ళుగా డాలస్ చుట్టుపక్కల క్లబ్ మ్యాచుల్లో కాలుస్తున్నాను, ఆరేళ్ళుగా రేంజ్ సేఫ్టీ ఆఫీసర్‌గా కూడా నిలబడుతున్నాను. ఈ ట్రిగ్గర్ల పిచ్చి నాకూ పట్టింది. మొదటిసారి ఫ్యాక్టరీ అప్‌గ్రేడ్ వేయించుకున్నప్పుడు (ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం) రేంజ్‌లో ఒక పెద్దాయనకు చూపించి, "అంకుల్, అచ్చం 4 పౌన్లు" అని గొప్పలు పోయాను. ఆయన నవ్వి, బ్యాగులోంచి గేజ్ తీసి పదిసార్లు లాగాడు. సగటు 5 పౌన్ల 2 ఔన్సులు. పాత ట్రిగ్గర్ ఎంతుండేదో తెలుసా? 5 పౌన్ల 6 ఔన్సులు. అంటే నేను డబ్బు పెట్టి కొనుక్కున్న తేడా 4 ఔన్సులు, సుమారు 113 గ్రాములు. వేలు నాకు అబద్ధం చెప్పింది. పూర్తి అబద్ధమూ కాదు. మారింది బరువు కాదు, ఇంకేదో మారింది. దాన్ని వేలు బరువు తగ్గడంగా లెక్కగట్టింది.

ఆ ఇంకేదో ఏమిటో తెలియాలంటే ట్రిగ్గర్ లాగుడును ముక్కలుగా చూడాలి. వేలు పెట్టగానే మొదట వదులుగా కొంత దూరం వస్తుంది, దాన్ని టేక్-అప్ అంటారు. తర్వాత వేలికి ఒక గోడ తగులుతుంది. ఆ గోడ మీద ఒత్తిడి పెంచుతూ పోతే ఒక క్షణాన విరుగుతుంది, అది బ్రేక్. గోడ తగిలాక విరగకుండా ఇసుక మీద చెప్పు ఈడ్చినట్టు జరుగుతూ పోతే అది క్రీప్. విరిగిన తర్వాత కూడా ట్రిగ్గర్ వెనక్కి పోతుంటే ఓవర్‌ట్రావెల్. కాల్చాక వేలు వదులుతుంటే టిక్కుమని మళ్ళీ పట్టుకునే చోటు రీసెట్. మంచి ఫ్యాక్టరీ అప్‌గ్రేడ్‌లో సాధారణంగా మారేవి క్రీప్, రీసెట్. బరువు కొంచెమే తగ్గుతుంది. గోడ శుభ్రంగా విరిగితే మనకు తేలిగ్గా ఉన్నట్టు అనిపిస్తుంది, ఎండిన పుల్ల విరిచినట్టు. అదే బలంతో పచ్చిపుల్ల విరిస్తే ఎంతసేపైనా వంగుతూనే ఉంటుంది, బరువుగా అనిపిస్తుంది.

అలాగని బరువును తీసిపారేయలేం. మీ పిస్టల్ ఖాళీగా 650 గ్రాములు ఉంటుందనుకుందాం. 5.5 పౌన్లంటే దాదాపు రెండున్నర కిలోలు. 650 గ్రాముల వస్తువును గాల్లో కదలకుండా పట్టుకుని, దానికి అతుక్కుని ఉన్న ఒక మీటను దాని బరువుకు నాలుగింతల బలంతో, ఒక్క వేలితో లాగాలి. అది కదలకపోతేనే ఆశ్చర్యం. 4.5 అంటే రెండు కిలోల పైచిలుకు. తగ్గింది, కానీ ఇంకా గన్ బరువుకు మూడింతలుంది. అందుకే ఒక పౌను తగ్గిస్తే మహా అద్భుతం జరుగుతుందని ఆశ పెట్టుకోకండి, ఏమీ జరగదనీ అనుకోకండి.

ఇక షాపతని గేజ్ సంగతి. అతను అబద్ధం చెప్పాడని అనను, కానీ ఆ రెండు అంకెల మీద నాకు పూర్తి నమ్మకం లేదు. ట్రిగ్గర్ ఒక మీట, పైన ఇరుసు మీద తిరుగుతుంది. తలుపును కీలు దగ్గర నెడితే బరువు, గొళ్ళెం దగ్గర నెడితే తేలిక. ట్రిగ్గర్‌కూ అదే లెక్క. గేజ్ కొక్కెం ఇరుసుకు 20 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుంటే 5 పౌన్లు చూపించే ట్రిగ్గర్, 23 మిల్లీమీటర్ల దగ్గర పట్టుకుంటే దాదాపు 4.35 చూపిస్తుంది. లోపల ఒక్క భాగమూ మారలేదు. పాత ట్రిగ్గర్ వంపుగా ఉంటే కొక్కెం వంపు మధ్యలో దానంతట అదే కూర్చుంటుంది. కొత్తది తిన్నగా, చదునుగా ఉంటే కొక్కెం కిందకు జారుతుంది. మీ వేలు కూడా అంతే, చదును ట్రిగ్గర్ మీద కాస్త కింద ఆనుతుంది. చదును ట్రిగ్గర్లు వేలికి తేలిగ్గా అనిపించడంలో సగం రహస్యం ఇదే. ఇందులో మోసమేమీ లేదు, మీ వేలు నిజంగానే అక్కడ ఆనుతుంది కాబట్టి ఆ తేలిక నిజమే. కాకపోతే పాత అంకెనూ కొత్త అంకెనూ పోల్చేటప్పుడు కొక్కెం ఎక్కడ ఆనిందో చూడాలి. ట్రిగ్గర్ మీద చిన్న టేపు ముక్క అంటించి, మీ వేలి మధ్య భాగం ఆనే చోట పెన్నుతో గీత పెట్టండి. గన్ ఖాళీ చేసి, మ్యాగజైన్ తీసి, చాంబర్ (తూటా కూర్చునే గది) రెండుసార్లు చూసుకుని, ఆ గీత మీదే గేజ్ కొక్కెం పెట్టి తిన్నగా వెనక్కి, నెమ్మదిగా లాగండి. పదిసార్లు లాగి సగటు రాసుకోండి. ఆ పదిట్లో అతి తక్కువ, అతి ఎక్కువ కూడా రాసుకోండి. నా అనుభవంలో సగటు కన్నా ఈ రెంటి మధ్య దూరమే ఎక్కువ విషయం చెప్తుంది. 4.5 సగటున్న ట్రిగ్గర్ ఒకసారి 4, ఒకసారి 5 చూపిస్తుంటే, ఎప్పుడు అడిగినా 5 చూపించే ట్రిగ్గర్‌నే నేను ఎంచుకుంటాను.

అంతర్జాతీయ పోటీల్లో ఈ గొడవ లేకుండా స్ప్రింగు గేజ్ బదులు తూనికరాయిని నమ్ముకుంటారు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ కాల్చే 25 మీటర్ల స్పోర్ట్ పిస్టల్‌కు ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములుండాలి, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కు కనీసం 500 గ్రాములు. పిస్టల్ నిటారుగా పట్టుకుని ఆ బరువును ట్రిగ్గర్‌కు తగిలించి పైకి ఎత్తుతారు, ట్రిగ్గర్ విడిపోకూడదు. ఇది చదివి "అయితే నేనూ 1000 గ్రాములకు దించేస్తాను" అని ఎవరికైనా అనిపిస్తే ఒక్క మాట. ఆ పిస్టళ్ళు రేంజ్ గీత మీద, ఆజ్ఞ వినపడ్డాకే లోడ్ అవుతాయి. బెడ్‌రూమ్ సేఫ్‌లో అర్ధరాత్రి తడుముకుని తీసే గన్ వేరు.

ఇక కాగితం దగ్గరకు వద్దాం. మీరు 7 గజాల్లో చూస్తున్నారు. గన్ పైన గురి చూసుకునే గుర్తులను సైట్లంటారు. కాంపాక్ట్ పిస్టల్‌లో ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య దూరం సుమారు 15 సెంటీమీటర్లుంటుంది. ట్రిగ్గర్ లాగేటప్పుడు ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు కదిలితే, 7 గజాల్లో గుండు సుమారు 4 సెంటీమీటర్లు తప్పుతుంది. 25 గజాల్లో అదే మిల్లీమీటరు 15 సెంటీమీటర్లవుతుంది. ట్రిగ్గర్ బాగుపడటం వల్ల వచ్చే మేలు సాధారణంగా ఈ మిల్లీమీటరులో సగమో పావో. 7 గజాల్లో అది ఒకట్రెండు సెంటీమీటర్ల తేడా, గుండు చేసే రంధ్రమే 9 మిల్లీమీటర్లుంటుంది. దాన్ని అక్కడ వెతకడం అంటే కిరాణా కొట్టు కాటాలో బంగారం తూచినట్టు. కాబట్టి ట్రిగ్గర్‌ను పరీక్షించాలంటే 15 గజాలకు తక్కువ వద్దు, వీలైతే 25.

అదే లెక్కను తిరగేసి మీ 10 సెంటీమీటర్లను చూడండి. 7 గజాల్లో 10 సెంటీమీటర్లు తప్పాయంటే గన్ ముందు భాగం రెండు మిల్లీమీటర్లకు పైగా వంగింది. ఒక పౌను తేడా ఉన్న ట్రిగ్గర్లు అంత పని చెయ్యవు. అది మీ చెయ్యి. శబ్దం రాబోతోందని, గన్ ఎగరబోతోందని శరీరానికి తెలుసు, అందుకని గుండు బయటకు పోకముందే మణికట్టు గన్‌ను కిందకు నొక్కేస్తుంది. కుడిచేతి వాళ్ళకు అది ఎడమ పక్కకు, కిందకు పడుతుంది. మనలో చాలామంది మొదటి గుండు పాతికేళ్ళు దాటాకే కాల్చాం, చిన్నప్పటి నుంచి అలవాటు లేదు, కాబట్టి ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఈ స్థితిలో ట్రిగ్గర్‌ను తప్పుపడితే ఆడలేక మద్దెల ఓడు అన్నట్టే అవుతుంది.

నమ్మకం కుదరకపోతే ఇలా చెయ్యండి. ఒక స్నేహితుణ్ణి రేంజ్‌కు తీసుకెళ్ళండి. మీకు కనపడకుండా మ్యాగజైన్‌లో అసలు రౌండ్ల మధ్య రెండు మూడు డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) ఎక్కడ పడితే అక్కడ కలపమనండి. మీరు గురి చూసి కాలుస్తూ పోండి. డమ్మీ వచ్చినప్పుడు టక్కుమని చప్పుడు వచ్చి గన్ పేలదు. ఆ క్షణంలో ముందు సైట్ ఏం చేసిందో చూడండి. నేను మొదటిసారి చూసినప్పుడు నాకే నవ్వొచ్చింది, కోడి గింజ పొడిచినట్టు గన్ ముక్కు ముందుకు పొడిచింది. కొత్త ట్రిగ్గర్ ఉన్నప్పటి సంగతే ఇది! అది ఆగేదాకా మీరు చేసే ఏ పోలికకూ విలువ లేదు. ఇంట్లో గన్ ఖాళీ చేసి, తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, రోజుకు పది నిమిషాల చొప్పున రెండు మూడు వారాలు డ్రై ఫైర్ (తూటా లేకుండా ట్రిగ్గర్ లాగే సాధన) చెయ్యండి. స్లైడ్ (గన్ పైన ముందుకూ వెనక్కూ జరిగే భాగం) మీద, ముందు సైట్ దగ్గర ఒక నాణెం నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ విరిచే ప్రయత్నం చెయ్యండి. దానికి రూపాయి ఖర్చు లేదు. ఆ 140 డాలర్లలో 100 పెడితే మూడు నాలుగు వందల 9 ఎంఎం రౌండ్లు వచ్చేవి, అవి ముందు కాల్చి ఉంటే బాగుండేది అంటాను, కానీ గడిచింది గడిచిపోయింది.

మీ మణికట్టు కుదురుకున్నాక అసలు పోలిక చెయ్యండి. ఇక్కడ జనం ఎక్కువగా పప్పులో కాలేసేది ఒక్క విషయంలోనే. పాత గన్ జ్ఞాపకంతో కొత్త గన్‌ను పోలుస్తారు. రెండు కాగితాల మధ్య ఆరు నెలలు గడిచి ఉంటాయి, మధ్యలో వెయ్యి రౌండ్లు కాల్చి ఉంటారు, తూటాల బ్రాండ్ మారి ఉంటుంది, సైట్లు కూడా మార్చి ఉంటారు. చివరికి పేరంతా ట్రిగ్గర్‌కు పోతుంది. కంపెనీల కొత్త మోడళ్ళ విషయంలోనూ ఇదే జరుగుతుంది. స్మిత్ అండ్ వెస్సన్ 2005లో ఎం అండ్ పి పిస్టల్ తెచ్చింది. గన్ గట్టిదే కానీ ట్రిగ్గర్ రీసెట్ వేలికి సరిగ్గా తెలియడం లేదన్న విమర్శ చాన్నాళ్ళు నడిచింది. ఆ ఒక్క లోటు మీద అపెక్స్ లాంటి విడిభాగాల సంస్థలు మంచి వ్యాపారమే చేసుకున్నాయి. 2017 జనవరిలో ఎం2.0 వచ్చింది, ట్రిగ్గర్ శుభ్రంగా విరుగుతోంది, రీసెట్ తెలుస్తోంది అని అందరూ మెచ్చుకున్నారు. నేనూ ఒప్పుకుంటాను, అది నిజమైన మెరుగుదలే. కానీ అదే మోడల్‌లో పిడి మీద గరుకుతనం బాగా పెంచారు, లోపలి స్టీల్ చాసిస్‌ను ముందుకు పొడిగించారు, అరచేతి వెనక పెట్టే ముక్కలు మూడు నుంచి నాలుగు చేశారు. చెమట చేతిలో జారని పిడి వల్ల గ్రూప్ (కాగితం మీద గుళ్ళు పడిన గుంపు) బాగుపడితే, ఆ గొప్ప ట్రిగ్గర్‌దా, పిడిదా? గ్లాక్ ఐదో తరం కూడా 2017లోనే వచ్చింది. ట్రిగ్గర్ లోపలి భాగాలు మారాయి, బ్యారెల్ మారింది, పిడి మీద వేళ్ళ గాడులు తీసేశారు. అన్నీ ఒకేసారి మారితే ఏది పని చేసిందో కాగితం చెప్పలేదు.

ఈ విషయంలో మీరు అదృష్టవంతులు. మీ గన్‌లో ఒక్క ట్రిగ్గరే మారింది. పాత ట్రిగ్గర్‌తో ఉన్న అదే మోడల్ స్నేహితుడి దగ్గరో, రేంజ్ అద్దె కౌంటర్‌లోనో దొరుకుతుందేమో చూడండి. అద్దె గన్లు వేల రౌండ్లు తిని అరిగి ఉంటాయి, దాని ట్రిగ్గర్ మీ పాతదాని కన్నా మెత్తగా ఉండొచ్చు, కాబట్టి గేజ్ పెట్టి చూశాకే వాడండి. ఒకే పెట్టెలోని తూటాలు రెంటికీ వాడండి. 25 గజాల్లో నిలబడి పాతది 10 రౌండ్లు, కొత్తది 10, మళ్ళీ కొత్తది 10, మళ్ళీ పాతది 10. ఈ వరస ఎందుకంటే మొదట్లో చెయ్యి ఇంకా కుదురుకోదు, చివర్లో అలసిపోతుంది. పాతది రెండు చివరలా, కొత్తది మధ్యలో పడితే ఆ రెండు లోపాలూ కొంతవరకు సర్దుకుంటాయి. ఇంకో రోజు కొత్తదానితో మొదలుపెట్టి ఇదే తిరగేసి చెయ్యండి. మొత్తం 80 రౌండ్లు.

5 గుళ్ళ గ్రూప్ ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టేవాళ్ళను పట్టించుకోకండి. ఒకే గన్, ఒకే మనిషి, ఒకే అరగంటలో నేను కాల్చిన మూడు 5 గుళ్ళ గ్రూపులు 3.1, 4.6, 2.8 అంగుళాలు వచ్చాయి. మొదటి రెంటి మధ్య ట్రిగ్గర్ మార్చి ఉంటే దాన్ని తిట్టేవాణ్ణి, తర్వాతి రెంటి మధ్య మార్చి ఉంటే దాన్ని పొగిడేవాణ్ణి. అన్నిటికన్నా దూరంగా పడిన రెండు గుళ్ళ మధ్య దూరం కొలిస్తే మొత్తం తీర్పు ఆ రెండు గుళ్ళ మీదే ఆధారపడుతుంది. దానికి బదులు గ్రూప్ నడిమధ్య ఎక్కడో గుర్తించి, అక్కడి నుంచి ప్రతి రంధ్రానికీ దూరం కొలిచి సగటు తియ్యండి. ఆ సగటు తగ్గితే ట్రిగ్గర్ మీకు మేలు చేసినట్టు. గ్రూప్ నడిమధ్య బిందువు టార్గెట్ నడిమధ్యకు ఎంత దూరంలో ఉందన్నది వేరే లెక్క, దాన్ని వేరే గడిలో రాసుకోండి. అది సైట్లకు, మీ మణికట్టుకు సంబంధించింది. ఈ రెంటినీ కలిపేయడం వల్లే మీకు "ఏమీ మారలేదు" అనిపిస్తోందని నా అనుమానం. మీ గుళ్ళు ఇప్పటికీ ఎడమ కిందకే పడుతున్నాయి, నిజమే, కానీ మునుపటికన్నా దగ్గర దగ్గరగా పడుతున్నాయా? ఆ సంగతి మీరు రాయలేదు.

నిదానంగా కాల్చినప్పుడు తేడా ఏమీ కనపడకపోతే నిరాశపడకండి. నాకూ మొదట కనపడలేదు. తీరిగ్గా, ఊపిరి బిగబట్టి కాలిస్తే ఎంత మొండి ట్రిగ్గర్‌నైనా బతిమాలి విరిచేస్తాం. ట్రిగ్గర్ గుణం బయటపడేది రెండు చోట్ల. ఒకటి, ఒంటిచేత్తో, ముఖ్యంగా ఎడమచేత్తో కాల్చినప్పుడు. గన్‌ను పట్టుకోవడానికి రెండో చెయ్యి సాయం ఉండదు కాబట్టి క్రీప్, ఓవర్‌ట్రావెల్ చేసే అల్లరి అంతా కాగితం మీద కనిపిస్తుంది. 10 గజాల్లో ఎడమచేత్తో నా పాత ట్రిగ్గర్ గ్రూప్ ఒక సాసర్ అంత ఉండేది, కొత్తదానితో టీ కప్పు మూతి అంతకు వచ్చింది. రెండు చేతులతో అదే దూరంలో ఏ తేడా లేదు. రెండోది వేగం. షాట్ టైమర్ (ప్రతి గుండు పేలిన సమయం నమోదు చేసే గడియారం) పెట్టుకుని 7 గజాల్లో 6 రౌండ్లు, అన్నీ మ్యాచ్ టార్గెట్ మీద 'ఏ' గడిలో పడాలి. ఆ గడి సుమారు 6 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల ఎత్తు ఉంటుంది. ఒక్కటి బయట పడినా ఆ సమయాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఒక్కో ట్రిగ్గర్‌తో ఐదుసార్లు చేసి నడిమి సమయం చూడండి. రీసెట్ స్పష్టంగా, దగ్గరగా ఉన్న ట్రిగ్గర్‌తో రెండు గుళ్ళ మధ్య విరామాలు ఒకేలా వస్తాయి. పాతదానితో అప్పుడప్పుడు వేలు పూర్తిగా వదలక ట్రిగ్గర్ పట్టుకోదు, ఆ ఒక్క విరామం సాగిపోతుంది. టైమర్‌లో అది తెలిసిపోతుంది.

బరువు ఎక్కువుంటే భద్రత ఎక్కువ అనుకునేవాళ్ళు ఇక్కడ ఒక మాట అంటారు, మరి పోలీసులు బరువైన ట్రిగ్గర్లు ఎందుకు వాడతారని. న్యూయార్క్ నగర పోలీసులు చాలా ఏళ్ళు దాదాపు 12 పౌన్ల ట్రిగ్గర్లు వాడారు, పొరపాటున పేలకూడదని. 2012 ఆగస్టులో ఎంపైర్ స్టేట్ భవనం దగ్గర ఇద్దరు అధికారులు ఒక హంతకుడి మీద 16 రౌండ్లు కాల్చారు. చుట్టుపక్కల గాయపడ్డ 9 మందికీ తగిలినవి పోలీసుల గుళ్ళో, వాటి తునకలో. అదంతా ట్రిగ్గర్ వల్లే అనను, దగ్గర్లో, క్షణాల్లో, టెన్షన్‌లో జరిగింది. కానీ 12 పౌన్లంటే అయిదున్నర కిలోలు, ఆ బరువును లాగుతూ గురి నిలబెట్టడం ఎవరికైనా కష్టమే. ఆ తర్వాత ఏళ్ళలో ఆ శాఖ తేలిక ట్రిగ్గర్ల వైపు జరిగింది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, రక్షణకు పెట్టుకోవచ్చా. మెరుగుదల అంటే వేలికి బాగుండటం ఒక్కటే కాదని చెప్పడానికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ సిగ్ సావర్ పి320. 2017లో కొన్ని కోణాల్లో కింద పడితే అది పేలవచ్చని స్వతంత్ర పరీక్షల్లో బయటపడింది. ఆ ఆగస్టులో కంపెనీ స్వచ్ఛందంగా అప్‌గ్రేడ్ కార్యక్రమం ప్రకటించి, ట్రిగ్గర్, స్ట్రైకర్ (తూటా అడుగున కొట్టే సూది), సియర్ (ఆ స్ట్రైకర్‌ను పట్టి ఆపే కొక్కెం) భాగాల బరువు తగ్గించి, అదనంగా ఒక డిస్‌కనెక్టర్ (ట్రిగ్గర్‌కూ సియర్‌కూ సంబంధం తెంచే భాగం) చేర్చింది. గన్ ఠపీమని పడినప్పుడు బరువైన ట్రిగ్గర్ తన వేగం వల్లే వెనక్కి జరగడం అసలు సమస్య, కాబట్టి ట్రిగ్గర్‌ను తేలిక చెయ్యడమే మందు అయింది. అది కూడా ఫ్యాక్టరీ ట్రిగ్గర్ అప్‌గ్రేడే, దాన్ని గ్రూప్ సైజుతో తూచలేం కదా.

మీది కంపెనీ చేసిన కిట్, దానికి అర్హత ఉన్న గన్‌స్మిత్ బిగించాడు, కాబట్టి నాకు పెద్ద భయం లేదు. అయినా మీరు స్వయంగా చూడాల్సినవి కొన్నున్నాయి. గన్ ఖాళీ అని రెండుసార్లు నిర్ధారించుకుని, సురక్షితమైన వైపు పెట్టి, ట్రిగ్గర్ లాగి పట్టుకోండి. వేలు వదలకుండా స్లైడ్ వెనక్కి లాగి వదలండి. ఇప్పుడు నెమ్మదిగా వేలు వదిలితే రీసెట్ టిక్కుమనాలి, మళ్ళీ లాగితే స్ట్రైకర్ చప్పుడు వినపడాలి. పదిసార్లు చేస్తే పదిసార్లూ అలాగే ఉండాలి. ట్రిగ్గర్ ముఖం మీద చిన్న మీట భద్రత ఉంటే, దాన్ని నొక్కకుండా ట్రిగ్గర్ పక్క అంచు మీద మాత్రమే లాగి చూడండి, కదలకూడదు. మాన్యువల్ సేఫ్టీ ఉంటే అది వేసినప్పుడు గట్టిగా లాగినా ఏమీ కాకూడదు, తీశాక దానంతట అది పేలినట్టు చప్పుడు రాకూడదు.

ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. ట్రిగ్గర్ బరువు తగ్గించడానికి కొన్ని కిట్లలో స్ప్రింగులు కూడా మెత్తవి వేస్తారు. స్ట్రైకర్ స్ప్రింగు మెత్తబడితే గట్టి ప్రైమర్ (తూటా అడుగున దెబ్బకు అంటుకునే చిన్న బిళ్ళ) ఉన్న తూటాల్లో దెబ్బ చాలక పేలకపోవచ్చు. మీరు ప్రాక్టీసుకు వాడే చవక తూటాలతో సరిపెట్టకండి. ఇంట్లో పెట్టుకునే హాలో పాయింట్ (మొనలో గుంట ఉండే) తూటాలతోనే 200 రౌండ్లు కాల్చండి. అవి ఖరీదు, నాకు తెలుసు, రెండు మూడు విడతల్లో కాల్చండి. ఒక్కటి పేలకపోయినా, ప్రైమర్ మీద పడిన గుంట లోతును మిగతా ఖాళీ కేసుల మీది గుంటలతో పోల్చి చూడండి. లోతు తక్కువగా కనిపిస్తే ఆ కిట్ రక్షణకు పనికిరాదు, ఎంత నున్నగా విరిగినా సరే. నేనైతే మరో ఆలోచన లేకుండా పాత భాగాలు వెనక్కి వేయిస్తాను.

యూట్యూబ్ చూసి సియర్‌ను నూరడం, స్ప్రింగులు కత్తిరించడం లాంటివి మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. మన రేంజ్‌లో ఒకాయన అలా నున్నగా చేసుకున్న పిస్టల్ ఒక మ్యాచ్‌లో ఒక్క లాగుడుకు రెండు గుళ్ళు కాల్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, కానీ ఆ రోజు నా చేతిలో టైమర్ వణికింది. ఆయన్ను మ్యాచ్ నుంచి పంపేశాం.

మీకు గ్రీన్ కార్డ్ ఉందని రాశారు కాబట్టి మీకు చట్టం ఇబ్బంది లేదు. ఇది చదివే హెచ్-1బి తమ్ముళ్ళకు మాత్రం చెప్పాలి. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి పర్మిట్ లేకుండా గన్ వెంట పెట్టుకుని తిరగొచ్చని విని ముందుకు దూకకండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. రాష్ట్ర చట్టం దాన్ని మార్చలేదు. స్నేహితుడి గన్ రేంజ్‌లో పట్టుకునే ముందు కూడా లాయర్‌ను అడగండి.

ఇక మీ సంగతి. మూడు వారాలు డ్రై ఫైర్, ఆ తర్వాత డమ్మీ రౌండ్ల పరీక్ష. ముక్కు పొడవడం ఆగితే 25 గజాల పోలిక, ఎడమచేతి గ్రూప్, టైమర్ మీద ఆరు గుళ్ళు. వీటితో పాటే హాలో పాయింట్ 200 రౌండ్లు. అప్పటిదాకా ఇంట్లో రక్షణకు ఈ పిస్టల్‌ను లెక్కలోకి తీసుకోకండి, వేరే గన్ ఉంటే అది సేఫ్‌లో పెట్టుకోండి. షాపతను తీసిన పాత ట్రిగ్గర్, స్ప్రింగులు మీకు ఇచ్చాడో లేదో మీరు రాయలేదు. ఇవ్వకపోతే రేపే వెళ్ళి అడిగి తెచ్చుకోండి. అవి మీ సొత్తు, ఒక కవర్లో పెట్టి, పైన తేదీ, అప్పటివరకు కాల్చిన రౌండ్ల సంఖ్య రాసి గన్ పెట్టెలో పడేయండి. కొలతలు వచ్చాక ఇక్కడే రాయండి, సగటుతో పాటు అతి తక్కువ, అతి ఎక్కువ కూడా.